గాలి ఆడే చోట వాడవలెను

రసాయనాల ప్రమాదాన్ని అంచనా వేసే ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతారు: "ఇన్నేళ్ళు విషాల మధ్య పనిచేశారు కదా మేడం, మీకేం కాలేదా?"

ఏమీ కాలేదు. ఎందుకంటే నేను విషాల మధ్య పనిచేయలేదు, కాగితాల మధ్య పనిచేశాను. విషాల మధ్య వేరేవాళ్ళు ఉన్నారు. ఈ ఉద్యోగం గురించి మొదట తెలుసుకోవలసింది ఇదే. నాకు ఇది తెలియడానికి పదిహేనేళ్ళ పైనే పట్టింది, కాబట్టి మీకు ఒక్క పేరాలో చెప్పేస్తున్నందుకు కొంచెం అసూయగానే ఉంది.

పని ఏమిటంటే, జిగురో, థిన్నరో, యాసిడో తయారుచేసి అమ్మేవాళ్ళు దానితోపాటు ఒక భద్రతా పత్రం ఇవ్వాలి. అందులో పదహారు భాగాలు. ఇది దేనితో చేశారు, ఎలా అంటుకుంటుంది, చర్మానికి తగిలితే ఏమవుతుంది, పీలిస్తే ఏమవుతుంది, ఒలికిపోతే ఏం చేయాలి, ఇలా సాగుతుంది. మా ల్యాబ్‌లో నమూనా పరీక్షించి, దాని గురించి లోకానికి తెలిసినదంతా వెతికి, ఎంత ప్రమాదమో తేల్చి రాసేవాళ్ళం. ఆ పదహారు భాగాలూ మొదటి నుంచి చివరిదాకా చదివిన మనిషిని నా సర్వీసులో ఒక్కరినే చూశాను. ఆయన మా పెద్దసారు. ఆయనకు జీతం ఇచ్చేది అందుకే.

ప్రమోషన్లు రెండు వచ్చాయి, ఒకటి రాలేదు. వచ్చినవాటి గురించి చెబితే గొప్పలు, రానిదాని గురించి చెబితే ఏడుపు. రెండూ వదిలేస్తున్నాను.

దుకాణం చదువు

మా బాపుకు, అంటే నాన్నకు, చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో చిన్న దుకాణం ఉండేది. గాజులు అమ్మేది కాదు. గాజుల మీద అంటించే రాళ్ళు, చమ్కీలు, జిగురు డబ్బాలు అమ్మేది. మా దుకాణానికి వచ్చే ఆడవాళ్ళు రాళ్ళు తీసుకెళ్ళి, ఇంట్లో కూర్చుని గాజుల మీద అంటించి, పెద్ద దుకాణాలకు ఇచ్చేవాళ్ళు.

నేను ఎక్కాల కన్నా ముందు బేరం నేర్చుకున్నాను. బేరమంటే ధర తగ్గించడం అని బయటివాళ్ళు అనుకుంటారు. కాదు. తానే గెలిచానని ఎదుటివాడికి నమ్మకం కలిగించి పంపడమే బేరం. కొన్నవాడు మా మెట్లు నవ్వుతూ దిగితే, ఆ వెనక బాపు ఇంకొంచెం పెద్దగా నవ్వుకునేవాడు.

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి ల్యాబ్‌లో చేరితే ఇక ఆ బజారు గోల ఉండదనుకున్నాను. తీరా చూస్తే ఇక్కడా అదే బజారు. ఇక్కడ మాటల మీద బేరం. 'ప్రమాదం' అని నేను రాస్తే 'హెచ్చరిక' చాలదా అంటారు. 'ఊపిరితిత్తులకు హాని' అంటే 'గొంతులో గరగర' అందామంటారు.

ఒకసారి బాత్రూములు కడిగే యాసిడ్ తయారుచేసే ఆయన వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. నేను 'చర్మం కాలుతుంది' అని రాశాను.

"కాలుతది అంటే ఎవరు కొంటరు మేడం? 'కొంచెం ఇబ్బంది కలుగును' అని రాయుండ్రి," అన్నాడు.

"సరే. మీ సీసాల నుంచి ఒక్క చుక్క మీ చెయ్యి మీద ఏసుకోండి. ఎంత ఇబ్బంది కలిగితే గంతే రాస్త."

ఆయన రెండు చేతులూ టేబుల్ కిందికి లాక్కున్నాడు.

"ఇబ్బందే గదా సార్, చేతులెందుకు దాస్తున్నరు?"

"కాలుతదనే రాయుండ్రి," అని లేచాడు. తలుపుదాకా పోయి వెనక్కి తిరిగి, "అక్షరాలన్న జర చిన్నగ వెయ్యుండ్రి," అన్నాడు.

ఈ కథ మా క్యాంటీన్‌లో నెలరోజులు తిరిగింది. నాకు 'బేరం మేడం' అని పేరు పడింది. నేను దాన్ని బిరుదనుకున్నాను.

"ఎవరి ముక్కమ్మా?"

మా పెద్దసారు సూర్యనారాయణ గారు గోదావరి జిల్లా మనిషి. ఆయన దగ్గర ఫైలు ఆగిందంటే కంపెనీవాళ్ళు ఫోన్లు చేసి చేసి విసిగిపోయేవాళ్ళు. ఎవరినీ మెచ్చుకునేవారు కాదు. నా పత్రాలు చదివి, అంకెల జోలికి పోకుండా, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి ఒక్కటే అడిగేవారు.

"ఇది ఎవరి ముక్కమ్మా?"

మొదటిసారి నాకు అర్థం కాలేదు. "సార్?" అన్నాను.

"పీల్చరాదని రాశావు. ఎవరు పీల్చరాదు? ఆ ముక్కు డబ్బాకి ఎంత దూరంలో ఉంటుంది? నిలబడి ఉంటుందా, కూర్చుని ఉంటుందా? రోజుకి ఎంతసేపు ఉంటుంది? జలుబు చేసిన ముక్కయితే వాసన కూడా తెలియదు కదా. అది చూశావా?"

మేం వెనక ఆయన్ని అనుకరించి నవ్వుకునేవాళ్ళం. సెలవు చీటీ ఇస్తే "జ్వరం ఎవరికమ్మా, నీకా, మీ అబ్బాయికా?" అని కూడా అడిగే మనిషి. అది చాదస్తమని నా గట్టి అభిప్రాయం. రసాయనం ప్రమాదం రసాయనంలో ఉంటుంది గాని ముక్కులో ఎందుకుంటుంది? నేను చదువుకున్న పుస్తకాల్లో ముక్కుకు ఎత్తు లేదు.

వాసన రాని డబ్బా

నా సర్వీసు సగం దాటాక గౌస్ భాయ్ వచ్చాడు. ఆయనకు పాతబస్తీ శివార్లలో ఒక షెడ్డు, అందులో గాజుల మీద రాళ్ళు అంటించే జిగురు తయారీ. మా దుకాణానికి డబ్బాలు వేసే మనిషే. నేను రెండు జడలతో మెట్ల మీద కూర్చున్నప్పటి నుంచి నన్ను ఎరుగును.

గుడ్డలో చుట్టి తెచ్చిన డబ్బా మూత తీసి నా ముక్కు కింద పెట్టాడు. మా బజారులో జిగురు పరీక్ష అంటే అదే. మూత తీయడం, వాసన చూడటం, తల ఊపడం.

"సూంఘో బేటీ," అన్నాడు. వాసన చూడమని.

చూశాను. ఎక్కడో దూరంగా పెట్రోలు బంకు ఉన్నట్టు అనిపించింది, అంతే.

"చూసినవా? వాసననే లేదు. పాత జిగురుకు ఆడోళ్ళ తలకాయలు పగిలిపోతుండె. ఇప్పుడు ఆరామ్‌గ కూసోని అంటిస్తున్నరు. వాసన లేదంటే జహర్ లేదు, విషం లేదు. ఎక్స్‌పోర్ట్ సేట్ కాగితం కావాలంటున్నడు గాబట్టి నీ దగ్గరికొచ్చిన. లేకపోతే నీ మిషన్ల లొల్లి నాకెందుకు?"

మా మిషన్లు వేరేగా చెప్పాయి. ఆ జిగురును పల్చబరచడానికి వాడిన ద్రావకంలో ఎక్కువ భాగం హెక్సేన్. పెట్రోలు బాపతు సరుకు. చవక, త్వరగా ఆరిపోతుంది, వాసన తక్కువ. నెలల తరబడి పీలిస్తే మాత్రం నరాలను చివర్ల నుంచి పాడుచేస్తుంది. ముందు పాదాలు, తర్వాత చేతివేళ్ళు. పాత జిగురు తలనొప్పి పెట్టి మనిషిని గదిలోంచి బయటికి తరిమేది. ఇది కూర్చోబెడుతుంది.

డబ్బా మీద 'నరాలకు హాని' అని రాయాలని, ఛాతీ మీద నక్షత్రం పగిలినట్టుండే మనిషి బొమ్మ వేయాలని చెప్పాను. గౌస్ భాయ్ కుర్చీలో వెనక్కి వాలాడు. బేరం మొదలైందని నాకు తెలిసిపోయింది. నిజం చెప్పాలంటే, నాకు కొంచెం హుషారు కూడా వచ్చింది.

"ఆ బొమ్మల మనిషికి గుండె పేలినట్టున్నది. ఆడోళ్ళు దడుసుకుంటరు. దడుసుకోని ఏం జేస్తరు? మళ్ళ పాత జిగురుకే పోతరు. మళ్ళ తలనొప్పులు, వాంతులు. గట్లయితే మంచిదా? నువ్వే చెప్పు."

ఆ మాటలో బలం ఉంది. పాత జిగురు కూడా అమృతమేమీ కాదు.

రెండు గంటలు సాగింది. మూడు టీలు. ఆయన రెండుసార్లు లేచి తలుపుదాకా వెళ్ళాడు. ఒకసారి నేను పిలిచాను, ఒకసారి ఆయనే తిరిగొచ్చాడు. చివరికి ఖాయమైంది ఇది: నరాల సంగతీ బొమ్మా భద్రతా పత్రంలో పదకొండో భాగానికి పోతాయి. డబ్బా మీద ఒకే వాక్యం, కొట్టొచ్చినట్టు కనపడే అక్షరాల్లో: 'గాలి ఆడే చోట వాడవలెను.' ఆయన ఒక్క భాషలోనే వేస్తానన్నాడు. నేను పట్టుబట్టి తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడింటికీ ఒప్పించాను.

గౌస్ భాయ్ గొణుక్కుంటూ మెట్లు దిగాడు. నేను నవ్వుకున్నాను. ఆ వీధి మలుపు తిరిగాక ఆయన ఎంత పెద్దగా నవ్వుకున్నాడో ఆలోచించవలసింది. బాపు కూతురినై ఉండి ఆలోచించలేదు.

పత్రం పెద్దసారు దగ్గరికి వెళ్ళింది. కళ్ళజోడు నుదుటి మీదికి వెళ్ళింది.

"ఎవరి ముక్కమ్మా?"

"గాజులకు రాళ్ళు అంటించేవాళ్ళ ముక్కు సార్. మూడు భాషల్లో రాయించాను."

"వాళ్ళు పనిచేసే చోటు చూసి వచ్చావా?"

"నేను పుట్టిందే అక్కడ సార్."

ఆయన కళ్ళజోడు కిందికి దించుకున్నారు. "అయితే నాకన్నా నీకే బాగా తెలుస్తుంది," అని సంతకం పెట్టారు. నా సర్వీసు మొత్తంలో ఆయన ఒక ప్రశ్నను సగంలో వదిలింది ఆ ఒక్కసారే.

ఒక చెప్పు

ఆ తర్వాత ఏడాది గడిచి ఉంటుంది. అప్పటికి బాపు లేడు, దుకాణం తమ్ముడు చూసుకుంటున్నాడు. ఒక ఆదివారం అక్కడికి వెళ్ళి గల్లా పక్కన కూర్చున్నాను. ఉప్పుగూడ నుంచి రజియా వచ్చింది. ముప్పై ఐదేళ్ళుంటాయి. ఆవాలంత రాళ్ళను వరస తప్పకుండా అంటించగలిగిన చెయ్యి ఆమెది. పెళ్ళికూతుళ్ళ గాజుల పని వస్తే తమ్ముడు ముందు ఆమెకే కబురు పంపేవాడు. భర్త ఆటో నడుపుతాడు; అది నడిచిన రోజుల్లో ఆటో, నడవని రోజుల్లో రజియా వేళ్ళు ఆ ఇంటిని నడిపేవి.

రాళ్ళ పొట్లం సంచిలో వేసుకుని, సలాం చెప్పి మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఒక చెప్పు మా మెట్టు మీదే ఉంది.

"ఓ రజియా బాజీ!" అని తమ్ముడు కేకేశాడు. "చెప్పు మాకు బక్షీస్ ఇచ్చినవా ఏంది?"

ఆమె ఆగి కిందికి చూసుకుంది. ఒక కాలికి చెప్పు, ఒక కాలు వట్టిది. పక్క దుకాణంవాళ్ళు నవ్వారు. తమ్ముడు నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆమె కూడా నవ్వుతూ వెనక్కి వచ్చింది. "ఏం జేయాలె భయ్యా, ఈ నడ్మ గిట్లనే అయితున్నది. మొన్న రైలు పట్టాల కాడ ఒకటి పోగొట్టుకున్న. ఇంటికి పోయినంక చూసుకున్న."

అప్పుడు నా నవ్వు ఆగిపోయింది. చెప్పు జారిపోతే కాలికి తెలియాలి. ఇంటికి చేరేదాకా తెలియలేదంటే ఆ పాదానికి నేల తెలియడం లేదు. ఈ ముక్క నేను చదివాను. చదవడమేమిటి, నా చేత్తోనే రాశాను, పదకొండో భాగంలో.

ఆమెను లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. "కాళ్ళు తిమ్మిరి పడుతున్నయా?"

రజియా తమ్ముడి వైపు చూసి గొంతు తగ్గించింది. "తిమ్మిరి గాదక్కా. రాత్రింబగళ్ళు మేజోళ్ళు తొడుక్కున్నట్టుంటది. తొడుక్కోలేదు, గానీ ఉన్నట్టుంటది."

"చేతులు?"

ఆమె చేతులు దుపట్టా కిందికి తీసుకుంది, అచ్చం ఆ యాసిడ్ ఆయనలాగా. "చిన్న రాళ్ళు జారుతున్నయి. భయ్యాకు చెప్పకు అక్కా, పని వేరేటోళ్ళకు ఇస్తడు. డాక్టర్ సాబ్ షుగర్ చూసిండు, లేదన్నడు. బలానికి తాకత్ సూదులు ఇచ్చిండు. వేళ్ళు పోతే నాకు ఇంకేమున్నదక్కా?"

ఏం పని చేస్తావని ఆ డాక్టరు అడిగాడా అంటే అడగలేదట. నాకు ఆయన మీద కోపం వచ్చింది. అడగని వాళ్ళ జాబితాలో నా పేరు పైన ఉందని రెండు నిమిషాలాగి గుర్తొచ్చింది.

ఫ్యాన్ బంద్

మర్నాడు ఉప్పుగూడ వెళ్ళాను. స్టేషన్ వెనక సందులో రజియా ఇల్లు. పదడుగుల గది. నలుగురు ఆడవాళ్ళు నేల మీద కూర్చుని, ఒళ్ళో పళ్ళాలు పెట్టుకుని, వంగి రాళ్ళు అంటిస్తున్నారు. మధ్యలో మూత తీసిన జిగురు డబ్బా. గుమ్మానికి పరదా. కిటికీ సందువైపు ఉంది కాబట్టి మూసి ఉంది. నెత్తి మీద ఫ్యాను ఉంది. తిరగడం లేదు.

"కరెంటు లేదా?" అన్నాను.

"ఉన్నది," అన్నారు నలుగురూ.

"మరి ఫ్యాన్?"

వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని పకపక నవ్వారు. "ఫ్యాన్ ఏస్తే రాళ్ళు ఎగిరిపోవా అక్కా? జిగురు మీద పొర కడ్తది, రాయి పట్టదు. దుకాణంల పుట్టి గిది తెల్వదా?"

తెలుసు. మా బాపు రాళ్ళ పొట్లం విప్పే ముందు పలికే మొదటి మాట "ఫ్యాన్ బంద్!" ఆ స్విచ్చు నొక్కే పని నాది. ఎండాకాలం చెమటలు కారుతుంటే ఎన్ని వందలసార్లు నొక్కానో. ఆ బజారులో రాళ్ళు ఉన్నచోట గాలి ఉండదు. గాలి ఉన్నచోట రాళ్ళు ఉండవు. ఇది తెలిసి కూడా, ఆ పనికి వాడే జిగురు మీద, మూడు భాషల్లో, గాలి ఆడే చోట వాడమని రాయించిన ఏకైక శాస్త్రజ్ఞురాలిని నేను.

రజియా అత్త మూలన కూర్చుని ఉంది. డబ్బా వైపు గడ్డం చూపించింది. "చదివినం బేటీ. మేమేం చదువురాని జాహిల్ కాదు. ఉర్దూల హవాదార్ జగహ్, గాలి ఆడే జాగ అని రాసున్నది. పని చేసేటప్పుడు హవా కుదరది. అందుకనే పని అయిపోయినంక డబ్బా తీస్కపోయి కిటికీల పెడ్తం. రోజు పెడ్తం. ఒక్క దినం తప్పలేదు."

అంటే వాళ్ళూ నా వాక్యంతో బేరమాడుకున్నారు. వాడేటప్పుడు వీలుకాదు, వాడాక పెడదాం. మధ్యేమార్గం. నేను గౌస్ భాయ్‌తో చేసినదానికన్నా అది నిజాయితీ గల బేరం.

నేనూ నేల మీద కూర్చున్నాను. కూర్చున్నాక ఇంకొకటి తెలిసింది. ఈ ద్రావకం ఆవిరి గాలికన్నా బరువు, కిందికి దిగి నేల మీద పరుచుకుంటుంది. మా లెక్కలన్నీ బల్ల దగ్గర కుర్చీలో కూర్చునే మనిషికి వేసినవి. ఇక్కడి ముక్కులు నేలకు రెండడుగుల ఎత్తులో, డబ్బాకు జానెడు దూరంలో ఉన్నాయి. పెద్దసారు ముక్కుకు ఎత్తు ఎందుకు అడిగేవారో ఆ గదిలో తెలిసింది.

బేరం అయ్యాక

పెద్దసారుకు అంతా చెప్పాను. తిడతారనుకున్నాను. తిడితే నాకు సులువయ్యేది.

"సంతకాలు రెండున్నాయి," అన్నారు. "ఒకటి నాది. నువ్వు పుట్టిన చోటుని నేను చూసిన చోటు కింద లెక్కేశాను. పత్రం మార్చి రాయి. తప్పు మనదని మొదటి వరసలోనే రాయి. ఆ జిగురాయన్ని ఒప్పించడం మాత్రం నా వల్ల కాదమ్మా, నాకు బేరం రాదు."

రజియాను తీసుకుని షెడ్డుకు వెళ్ళాను. గౌస్ భాయ్ కూర్చోమని టీ తెప్పించాడు. సంగతి వినగానే ఆయన మొహం మారిపోయింది.

"బేరం అయిపోయినంక మాట మారుస్తవా బేటీ? సరుకు మెట్లు దిగినంక మీ బాపు ఎప్పుడన్న వాపస్ అడిగిండా? ఇజ్జత్, పరువు ఉన్న మనిషి."

ఇది తగలవలసిన చోటే తగిలింది. మా బజారులో దీనికి మించిన తిట్టు లేదు. నరాల గురించి నాలుగు ముక్కలు చెప్పాను, నాకే పుస్తకం చదివినట్టు వినిపించింది. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. "రోగాలు, బీమార్లు అందరికుంటయి. జిగురు మీదికి ఎందుకు తోస్తరు?"

అప్పుడే టీ వచ్చింది. పొయ్యి మీది నుంచి దించి గ్లాసుల్లో పోసినది. గౌస్ భాయ్, నేను గ్లాసు అంచును రెండు వేళ్ళతో పట్టుకుని ఊదుకుంటున్నాం. రజియా తన గ్లాసును అరచేతి నిండా పట్టుకుని కూర్చుంది. నీళ్ళ గ్లాసు పట్టుకున్నట్టు. వేళ్ళు గ్లాసుకు అంటుకుని ఉన్నాయి.

గౌస్ భాయ్ ఊదడం ఆపేశాడు. ఆ చేతినే చూస్తున్నాడు.

"జల్తా నహీఁ, బేటీ?" కాలడం లేదా అని.

రజియా గ్లాసు వైపు చూసింది, మా వేళ్ళ వైపు చూసింది. "గరంగున్నదా?" అని నన్ను అడిగింది.

ఆయన గబుక్కున లేచి ఆమె చేతిలోంచి గ్లాసు తీసి కింద పెట్టాడు. ఆమె అరచెయ్యి ఎర్రగా కంది ఉంది. తర్వాత ఆయన నా వైపు చూడకుండా అన్నాడు: "బజార్ల ఉన్న డబ్బాలు వాపస్ తెప్పిస్త. నువ్వు ఏం రాస్తవో రాసుకో. ఈసారి నేను చదవ."

ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను ఒక్క మాట కూడా బేరమాడకుండా గెలిచింది ఈ ఒక్కటే. గెలిపించింది నేను కాదని మీకు చెప్పనక్కరలేదు.

కొత్త పత్రంలో ఏ నమూనాలోనూ లేని వాక్యం ఒకటి రాశాను: 'నేల మీద కూర్చుని, ఫ్యాను ఆపి చేసే పనికి ఈ జిగురు పనికిరాదు.' పెద్దసారు చదివి ఒక్క అక్షరం కూడా మార్చలేదు. ముక్కు గురించి అడగలేదు.

చెప్పకుండా దాచింది

ఇక్కడితో ఆపేస్తే నేను మంచిదాన్నిగా మిగులుతాను. కానీ ఇంకో తప్పు ఉంది.

రజియాను ఆ పని మానేయమన్నాను. తమ్ముడికి తెలిస్తే తెలిసిందని, ఆమెకు రాళ్ళు ఏరి, సైజులవారీగా పొట్లాలు కట్టే పని ఇప్పించాను. పెద్దాసుపత్రిలో నరాల డాక్టరుకు జిగురు సంగతంతా చీటీ రాసిచ్చాను. "మానేస్తే తగ్గుతుంది," అని రజియాకు చెప్పాను. అది నిజమే. నేను చెప్పనిది ఇంకోటి ఉంది. ఈ జబ్బు, జిగురు మానేశాక కూడా కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు ముదిరి, ఆ తర్వాతే తగ్గుముఖం పడుతుంది. అది నాకు తెలుసు. చెబితే ఆమె మానేయదేమోనని దాచాను. సరుకులో నెర్రె ఉంటే ఆ వైపు గోడకు తిప్పి చూపించడం మా వంశవిద్య.

నెలన్నర తర్వాత రజియా అత్త దుకాణానికి వచ్చింది. నేనున్నప్పుడే.

"నువ్వు మానెయ్యమన్నవ్, మానేసింది. ఇప్పుడు గోడ పట్టుకోని నడుస్తున్నది. జిగురు పట్టుకున్నప్పుడే మంచిగుండె. మొహల్లాల అందరు అంటున్నరు, జిగురు మానేస్తే కాళ్ళు పడిపోతయని. మిగిలిన ముగ్గురు ఎవరి కాడనో గదే వాసన రాని డబ్బా తెచ్చుకోని మళ్ళ కూసున్నరు. ఏం చదువు చదివినవ్ బేటీ?"

ఆమెతోపాటే ఉప్పుగూడ వెళ్ళాను. నలుగురినీ కూర్చోబెట్టి, ముందు చెప్పవలసింది అప్పుడు చెప్పాను. మొదట ముదురుతుంది, తర్వాత తగ్గుతుంది, ఎంత తగ్గుతుందో నాకు తెలియదు, డాక్టరుకూ తెలియదు. ఇది దాచినందుకు తప్పు నాదే అన్నాను.

రజియా గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "గీ మాట మొదలు చెప్పుంటే నేను మానెయ్యకపోయేదాన్నా?" అంది. "చెప్పుంటే భయపడేదాన్ని. గంతే. ఇప్పుడు భయం కూడ పడ్డ, అందరితోని మాట కూడ పడ్డ."

కొత్త పిల్లలకు నేను చెప్పగలిగిన సలహా అదొక్కటే, అదీ నాది కాదు, రజియాది. చెడ్డ ముక్క ముందు చెప్పండి. కొనేవాళ్ళు దడుసుకుంటే దడుసుకోనివ్వండి.

గౌస్ భాయ్ ద్రావకం మార్చాడు. కొత్తది నరాల జోలికి పోదు కానీ ఘాటుగా వాసన వస్తుంది, నిదానంగా ఆరుతుంది. "ఏందిది, నకిలీ సరుకా?" అని బజారంతా మూతి తిప్పింది. ఆయన అమ్మకం సగానికి పడిపోయింది. ఇప్పటికీ కనపడితే, "మీ బాపు బతికుంటే నన్ను గిట్ల ముంచకపోయేటోడు," అంటాడు. టీ మాత్రం తాగకుండా పంపడు. దానికి మారిన ఆ ముగ్గురూ వాసనకు తాళలేక ఉప్పుగూడ గదిలో కిటికీ తెరిచారు. ఆ కిటికీ కింద గోడలో, నేలకు దగ్గరగా, గాలిని లోపలికి కాకుండా బయటికి లాగే చిన్న ఫ్యాను పెట్టించాను. రాళ్ళు ఎగరలేదు. ఇంత చిన్న సంగతి ముందే ఎందుకు తట్టలేదని అడగకండి. నేను అప్పుడు మూడు భాషల్లో తీరిక లేకుండా ఉన్నాను.

గ్లాసు

రజియా గోడ వదిలి నడవడానికి ఆరేడు నెలలు పట్టింది. వేళ్ళు ఇంకా ఆలస్యం. తమ్ముడి దుకాణంలో రాళ్ళు ఏరుతూ ఉండేది. మొదట్లో శనగగింజంతవి, తర్వాత పెసరగింజంతవి. ఆవాలంతవి మాత్రం ఇప్పటికీ ఆమె చేతికి దొరకవు. పెళ్ళికూతుళ్ళ గాజుల పని ఇంకొకరికి పోయింది. అది తిరిగి రాలేదు, రాదు. ఏ పత్రం మార్చి రాసినా రాదు.

ఆ మరుసటి ఏడు ఒక మధ్యాహ్నం దుకాణానికి వెళ్ళాను. రజియా పళ్ళెం ముందేసుకుని కూర్చుని ఉంది. తమ్ముడు పక్క హోటల్ నుంచి టీ తెప్పించాడు. ఆమె ఏదో మాట్లాడుతూ, చూడకుండానే చెయ్యి చాపి గ్లాసు అరచేత్తో పట్టుకుంది.

"అమ్మో! అల్లా!" అని గ్లాసు వదిలేసింది. టీ రాళ్ళ పళ్ళెంలో పడింది, రాళ్ళు గల్లా కిందికి దొర్లాయి, తమ్ముడు "అరె, అరె," అంటూ లేచాడు. రజియా వేళ్ళు నోట్లో పెట్టుకుని నా వైపు చూసింది.

ప్రమాదాలు అంచనా వేసి బతికినదాన్ని, ఒక మనిషికి చెయ్యి కాలితే ఆపుకోలేక నవ్వుతున్నాను. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి.

"ఏందక్కా," అంది రజియా, వేళ్ళు విదిలించుకుంటూ. "చెయ్యి కాలిందని నేనంటే, నువ్వు గట్ల నవ్వుతవేంది?"

తర్వాత ఆమెకే తట్టినట్టుంది. విదిలించడం ఆపి, ఎర్రబడిన వేళ్ళను మొహానికి దగ్గరగా తెచ్చుకుని, ఒక్కొక్కటే చూసుకుంది.